మంచోడని మాత్రం అనొద్దు

వకీలునై కోర్టుకు వెళ్లిన మొదటి రోజు నాకు దారి చూపించినవాడు మా కక్షిదారే.

"వకీలమ్మా, గటు గాదు. గది సివిల్ కోర్టు. మనది వరండా దాటినంక, గా చివర," అన్నాడు వెనక నుంచి.

నల్లకోటు కుట్టించుకున్న మురిపెంలో నేను గబగబా నడిచిపోతున్నాను. అతనేమో జామీను మీద బయట ఉన్న ముద్దాయి. తలకు నూనె రాసి, పాపిడి తీసి, తెల్ల అంగీ వేసుకొని పెళ్లికి బయలుదేరినట్టు వచ్చాడు. దారిలో ఎదురైన బంట్రోతుకు నమస్తే పెట్టాడు.

"ఏందిరా, మళ్ల వచ్చినవా?" అన్నాడు బంట్రోతు.

"నేను రాలేదన్నా. ఈసారి తీస్కచ్చిండ్లు," అన్నాడతను.

డెబ్బైల చివరి మాట ఇది. మాది మడికొండ. అప్పటికది పొలాల మధ్య ఊరు. నాన్న వ్యవసాయం చేసేవాడు. నేను హైదరాబాదులో లా చదివి వచ్చి, హనుమకొండలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. నాన్న తన గట్టు తగాదాకు ఆయన దగ్గరికి తిరిగిన పరిచయంతోనే నాకు ఆ కుర్చీ దొరికింది. రోజూ బస్సు దిగి కోర్టులున్న అదాలత్ దాకా నడుస్తుంటే, నల్లకోటులో ఆడపిల్లను చూడడానికి చాయ్ దుకాణాల ముందు మనుషులు గ్లాసులు పట్టుకొని నిలబడేవారు. నాకది కొంచెం భయం, కొంచెం సంబరం.

మా సీనియర్ నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. కోపం వస్తే ఉర్దూ, ప్రేమ వస్తే తెలుగు, జడ్జి ముందు ఇంగ్లీషు. ఆయన నా చేతికిచ్చిన మొదటి క్రిమినల్ కేసు ఒక సైకిల్ దొంగతనం.

పోయిన సైకిల్ ఒక గుమాస్తాది. ఆయన కేసముద్రం మార్కెట్‌లో ధాన్యం కొనే దుకాణంలో పనిచేసేవాడు. ఇంటి నుంచి వరంగల్ స్టేషన్ దాకా సైకిల్ మీద, అక్కడి నుంచి రైల్లో పోయివచ్చేవాడు. ఒక ఆదివారం మ్యాట్నీకి వెళ్లాడు. ఆట అయిపోయి బయటికి వచ్చేసరికి హాలు ముందు పెట్టిన సైకిల్ లేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. కొన్నాళ్లకు సైకిల్ ఖిలా వరంగల్ దగ్గర, కోట గోడ పక్క తుమ్మపొదల్లో దొరికింది. సైకిల్ దొరికాక దొంగ కూడా దొరకాలి కదా. పోలీసులు నేరుగా కొత్తవాడకు పోయి మా కక్షిదారును పట్టుకొచ్చారు.

అతను కొత్తవాడలో ఒక అవ్వ ఇంట్లో జంపఖానాలు నేసేవాడు. పెళ్లిళ్లలో, సభల్లో నేల మీద పరిచే చారల జంపఖానాలు. ముప్పై దాటిన మనిషి. పెళ్లయింది, ఒక చిన్న బిడ్డ. అంతకుముందు, వయసులో ఉన్నప్పుడు, రెండుసార్లు సైకిళ్లు ఎత్తుకుపోయి జైలుకు వెళ్లి వచ్చాడు. పోలీసులకు అది చాలు. సైకిల్ దాచిన చోటు అతనే చూపించాడని పంచనామా రాశారు.

"చేసిన తప్పుకు జైలుకు పోవుడు నాకొచ్చు వకీలమ్మా," అన్నాడు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు. "రెండుసార్లు పోయిన, కిక్కురుమనలే. గని చెయ్యని తప్పుకు ఎట్ల పోవాల్నో నాకు తెలుస్తలేదు."

నవ్వుతూనే అన్నాడు కానీ, అంటున్నప్పుడు అంగీ గుండీని తిప్పుతూనే ఉన్నాడు. మూడోసారి నేరం రుజువైతే శిక్ష మామూలుగా ఉండదని అతనికీ తెలుసు.

మా సీనియర్ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని నాకు పాఠం చెప్పారు.

"చూడు బిడ్డా. వీడు పాత దొంగ అన్న ముచ్చట కోర్టుల రావద్దు. చట్టమే రానియ్యదు. ఎందుకంటవా? ఒక్కసారి ఆ మాట చెవుల పడ్డదంటే ఇగ ఎవడు సాక్ష్యం వినడు. పాతోడే గదా, చేసే ఉంటడు అంటరు. కేసు ఖతం. గని దీంట్ల ఒక తిరకాసున్నది. మా ముద్దాయి మంచోడు అని మనం సాక్ష్యం ఇప్పిచ్చినమనుకో, ఎంత మంచోడో మేం చూపెడ్తం అని వాళ్లు పాత శిక్షలన్ని ముంగట పెడ్తరు. అప్పుడు అది వాళ్ల హక్కయితది. గందుకే మన సాక్షి నోట్లె నుంచి మంచోడు అన్న మాట రావద్దు. బిల్కుల్ రావద్దు."

తరువాత అతని వైపు తిరిగి వేలు చూపించారు. "నువ్వు గూడ. పాత ముచ్చట ఎవ్వలకు చెప్పకు. మాక్కూడ చెప్పకు. సమజయిందా?"

"అయింది సారు," అన్నాడతను, బడిలో పిల్లవాడిలా.

మొదటి వాయిదాకే ఆ నియమం నా కళ్ల ముందు పనిచేసింది. మేజిస్ట్రేటుగారు కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవారు. మెల్లగా, పొందికగా మాట్లాడేవారు. సర్కారు వకీలు లేచి, "ముద్దాయికి ఇంతకుముందే రెండుసార్లు..." అని మొదలుపెట్టగానే మా సీనియర్ లేచారు. ఆయన నోరు తెరవకముందే మేజిస్ట్రేటుగారు చెయ్యెత్తారు.

"అక్కడ ఆపండి. ఈ నేరం రుజువైతే, శిక్ష ఎంతో తేల్చేటప్పుడు అది చదువుదురుగాని. ఇప్పుడు నాకు అక్కర్లేదు."

అని ఛార్జిషీటు అడుగు భాగాన్ని వెనక్కి మడిచి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టారు. నాకు భలే నచ్చింది. పుస్తకంలో చదివినప్పుడు చప్పగా ఉన్న సెక్షన్, ఒక మనిషి కాగితం మడవగానే ప్రాణం వచ్చినట్టయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ ఆ సంగతి చెబితే అమ్మ ఒప్పుకోలేదు.

"గిదేం ఇన్సాఫ్? మన గల్లీల కోడి పోతే ముందుగాల ఎవరింటికి పోతరు? ఇంతకుముందు కోడి దొంగతనం చేసినోని ఇంటికే పోతరు. అందరికి ఎర్కున్న ముచ్చట జడ్జికి చెప్పొద్దంటవేందే?"

నేను వివరించబోయేలోగా నాన్న అందుకున్నాడు. "నేను చిన్నప్పుడు పటేలు తోటల సీతాఫలాలు తెంపుకొచ్చి దెబ్బలు తిన్న. గిప్పుడు ఆ తోటల పండ్లు పోతే నన్ను పట్కపోతరా మరి?"

"నీకు గిప్పుడు చెట్టెక్కుడే రాదాయె. నిన్నెవరు పట్కపోతరు?" అంది అమ్మ.

నాన్న నవ్వలేక, కోపం తెచ్చుకోలేక, ఇంకొంచెం పప్పు వేయమన్నాడు. నిజం చెప్పాలంటే అమ్మ మాటలోనే కోర్టుకు కావలసిన వాదన ఉంది: ఇప్పుడు చెట్టెక్కడం వచ్చా రాదా అన్నది చూడాలి కానీ, ఎప్పుడో ఎక్కాడా లేదా అన్నది కాదు. అప్పుడు నాకది తట్టలేదు.

తరువాతి వాయిదాకు పంచనామా సాక్షిని పిలిచారు. ఖిలా వరంగల్‌లో బీడీల దుకాణం పెట్టుకున్న మనిషి. ముద్దాయి తమ ఎదుటే పొదల్లోంచి సైకిల్ తీసి చూపించాడని ఆయన చెప్పాలి. మా సీనియర్ చాలా మర్యాదగా అడిగారు.

"అన్నా, సైకిల్ తుమ్మపొదల నుంచి ఎవరు గుంజిండ్లు?"

"నేను చూడలే సారు. నన్ను పిలిచేటాల్లకు సైకిల్ ఠాణాలనే ఉన్నది."

"మరి కాగితం మీద సంతకం?"

"పెట్టుమన్నరు. పెట్టిన."

"ఏం రాసుందో చదివినవా?"

"చదువొస్తే బీడీలెందుకు అమ్ముత సారు?"

వెనక బెంచీల మీద నవ్వులు. పంచనామా రాసిన పోలీసు జమేదారు పైకప్పు వంక చూశాడు. పోలీసుల కేసు సగం కుంగిపోయింది. అయినా సీనియర్ ఊరుకోలేదు. "సగం మునిగిన పడవ గూడ ఒడ్డుకు వస్తది బిడ్డా. ఆ ఆదివారం వాడు యాడున్నడో చెప్పేటోళ్లు కావాలె," అని నన్ను కొత్తవాడకు పంపారు.

ఆ ఇంటిని వెతుక్కోవడం కష్టం కాలేదు. మగ్గం చప్పుడు గల్లీ మొదటికే వినిపిస్తోంది. ముందు గది మొత్తం మగ్గమే. గోడ నుంచి గోడ దాకా అంత వెడల్పు. దాని ముందు ఇద్దరు పక్కపక్కనే కూర్చున్నారు. ఎడమ వైపు అవ్వ, కుడి వైపు మా కక్షిదారు. నూలు కండె పెట్టిన నాడెను ఆమె ఇటు నుంచి విసిరితే అతను అందుకొని, మళ్లీ అటు నుంచి ఆమెకు విసురుతున్నాడు. మధ్యలో ఇద్దరి తిట్లు కూడా అలాగే అటూ ఇటూ పోతున్నాయి.

"జర గట్టిగ గొట్టురా. అన్నం తినలేదా?"

"నువ్వే తినిపిస్తివి గదనే అవ్వా."

మూలన నులక మంచం మీద తాత కండెలు చుడుతున్నాడు. ఆయనకు చూపు మందగించింది. దారాన్ని వేళ్లతోనే చూస్తున్నాడు.

అవ్వ మగ్గం ఆపి నాకు మంచినీళ్లు తెప్పించింది. నల్లకోటును చేత్తో పట్టి చూసి, "మంచి బట్టనే, గని ఎండల ఎట్లేసుకుంటవు బిడ్డా?" అంది. ఆ ఆదివారం సంగతి అడిగాను.

"లగ్గాల దినాలు బిడ్డా. ఆదివారమా సోమారమా ఎవలు చూసిండ్లు? పొద్దుగాల కూసున్నమంటే మాపటికే లేసుడు. వాడు లేస్తే నేను గూడ ఖాళీనే. గీ మగ్గం ఒక్క మనిషితోని నడువదు."

నాకు కావలసింది అదే. కోర్టుకు వచ్చి ఆ మాట చెబుతావా అని అడిగాను. ఎందుకు చెప్పనంది. అప్పుడు, సీనియర్ చెప్పింది చెప్పినట్టుగా హెచ్చరించాను.

"అవ్వా, ఆ రోజు వాడు యాడున్నడో గంతే చెప్పు. మంచోడని మాత్రం అనొద్దు."

అవ్వ నన్ను వింతగా చూసింది. "చెడ్డోడనాల్నా?"

"అది గూడ అనొద్దు."

"మరేమనాలె?"

"ఏమనొద్దు. మగ్గం మీద ఉన్నడా లేడా, గంతే."

"మంచిని మంచంటే తప్పయ్యే కోర్టా బిడ్డా అది?"

"గా ముచ్చట మొదలువెడితే వేరే ముచ్చట్లు వస్తయవ్వా. నా మాటిను."

"సరే తియ్యి. నా నోరు నా చేతుల లేదా ఏంది?" అంది.

సాక్ష్యం రోజు పొద్దున్నే మా సీనియర్‌కు సెషన్స్ కోర్టులో హత్య కేసు వచ్చిపడింది. ఆయన గౌను సర్దుకుంటూ వరండాలోనే, "నువ్వే అడుగు. మూడు ప్రశ్నలు అడిగి కూసో. ఫికర్ చెయ్యకు," అని వెళ్లిపోయారు. అంతవరకూ నేను కోర్టులో నోరు విప్పింది వాయిదాలు అడగడానికే.

అవ్వ పండుగ చీర కట్టుకొని, తాత చెయ్యి పట్టుకొని వచ్చింది. తాతను బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి కట్టుకొచ్చిన సద్దిమూట ఆయన ఒళ్లో పెట్టి, బోనెక్కింది. అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. "అబద్ధం చెప్పనీకి గింత దూరమస్తనా?" అంది.

నేను లేచాను. ముద్దాయి తెలుసా అని అడిగాను.

"తెల్వకేంది బిడ్డా? పొద్దంత నా పక్కపొంటే కూసుంటడు."

ఆ ఆదివారం ఎక్కడున్నాడని అడిగాను. మగ్గం మీద ఉన్నాడంది. మధ్యలో ఎక్కడికీ వెళ్లలేదా అంటే, అన్నానికి లేచామనీ, ఇద్దరూ ఒకే చోట తిన్నామనీ చెప్పింది. మేజిస్ట్రేటుగారికి ఆసక్తి కలిగి, ఒకరు లేస్తే మగ్గం ఎందుకు ఆగుతుందని అడిగారు. అవ్వ బోనులోనే మగ్గం ముందు కూర్చున్నట్టు వంగి, "నేను గిట్ల ఇసుర్త సారూ, వాడు గట్ల పట్టాలె," అని చెయ్యి విసిరింది. ఎదురుగా ఉన్న బెంచి క్లర్కు, పాపం, అందుకోవడానికి చెయ్యి చాపాడు.

అంతా నవ్వారు. నాకూ ధైర్యం వచ్చింది. "చాలు అవ్వా," అని కూర్చోబోయాను.

"ఇంకొక్క మాట సారూ," అంది అవ్వ.

నేను తల అడ్డంగా ఊపాను. కళ్లతో బతిమాలాను. లాభం లేకపోయింది.

"గీ బిడ్డ అనొద్దని చెప్పింది. గని ఊకుంటే నాకు పాపం తగుల్తది. మావోడు బంగారం సారూ. అసొంటి మంచోడు కొత్తవాడ మొత్తంల లేడు."

కోర్టు ఘొల్లుమంది. సర్కారు వకీలు ముఖం విచ్చుకుంది. ఆయన లేచి, "ముద్దాయి మంచి నడత గురించి సాక్ష్యం వచ్చింది కనుక, అతని పాత శిక్షలను చూపడానికి అనుమతి కోరుతున్నాను," అన్నారు.

నేనూ లేచాను. ఆ మాట నేను అడిగింది కాదనీ, సాక్షి తనంతట తానే అన్నదనీ, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదనీ వాదించాను. మేజిస్ట్రేటుగారు అవ్వ వైపు తిరిగారు.

"అమ్మా, ఆ మాట మిమ్మల్ని ఎవరూ అడగలేదు. తీసేయించమంటారా?"

"తీసుడేంది సారూ? అన్న మాట మింగుతనా?"

ఆయన పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. "సాక్షి మాట మీద నిలబడుతున్నారు. మంచివాడని రికార్డులోకి వచ్చాక, కాదని చూపే అవకాశం రెండో పక్షానికి ఇవ్వాలి. అనుమతిస్తున్నాను," అన్నారు. మడిచిన కాగితాన్ని విప్పారు.

నా చేతులారా ఒక మనిషిని జైలుకు పంపుతున్నానని అనిపించింది. సర్కారు వకీలు జైలు నుంచి తెప్పించిన ధ్రువపత్రాలను బిగ్గరగా చదివారు. రెండు శిక్షలు, రెండూ సైకిళ్ల దొంగతనాలే. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మా కక్షిదారు మొదటిసారి తల దించుకున్నాడు.

సర్కారు వకీలు అవ్వ వైపు తిరిగారు.

"ఏమవ్వా, నీ బంగారం రెండుసార్లు జైలుకు పోయి వచ్చిండు. నీకు తెలుసా?"

"ఎర్కే సారూ."

ఆయన ఆ జవాబును ఊహించలేదు. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు.

"ఎర్కేనా? నీకెవరు చెప్పిండ్లు?"

"ఒకలు చెప్పుడేంది? రెండోసారి వాడు ఎత్కపోయింది మా సైకిలే గదా!"

సర్కారు వకీలు చేతిలోని పత్రాలను మళ్లీ తిరగేశారు.

"గీ కోర్టుల్నే సాక్ష్యం చెప్పిన," అంది అవ్వ. "గప్పుడు మీ కుర్సీల వేరే సారుండె. గీడే దొంగ అని ఏలు పెట్టి చూపెట్టింది నేనే. అడుగుండ్లి వాన్ని."

అడగనవసరం లేకపోయింది. మా కక్షిదారు తల దించుకునే, అవునన్నట్టు ఊపాడు. జైలు పత్రంలో నేరం పేరు, శిక్ష ఉన్నాయి కానీ, సైకిల్ ఎవరిదో అందులో లేదు. సర్కారు వకీలుకు తెలిసే దారి లేదు. నాకూ తెలియదు.

మేజిస్ట్రేటుగారు కలం కింద పెట్టారు. "మీ సైకిల్ దొంగిలించిన మనిషిని మీ ఇంట్లో పనికి ఎలా పెట్టుకున్నారమ్మా?"

అవ్వ బోను కడ్డీ మీద చేతులు ఆనించి, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టుగా చెప్పింది.

"జైలు నుంచి ఇడిచినంక సక్కగ మా ఇంటికే వచ్చిండు సారూ. వాకిట్ల నిలవడ్డడు. మా ముసలాయన కట్టె అందుకున్నడు. కొట్టు తాతా, కొట్టినంక పనియ్యి, జైల్ల జంపఖానా నేసుడు నేర్సిన అన్నడు. మా ముసలాయనకు గప్పటికే చూపు తక్కువైంది, మగ్గం మీద ఒక జాగ ఖాళీగుండె. మాకు మనిషి కావాలె, వానికి మగ్గం కావాలె. నేనేమన్ననంటే, నా పక్కకు కూసోరా, నీ రెండు చేతులు పొద్దంత నా కండ్ల ముంగటనే ఉంటయి, ఎట్ల దొంగతనం చేస్తవో నేను గూడ చూస్త అన్న. గప్పటి సంది చూస్తనే ఉన్న సారూ."

"కట్టె అందుకున్న గని కొట్టలే," అన్నాడు తాత బెంచీ మీద నుంచి. బంట్రోతు ఆయన్ను ఊరుకోమన్నాడు.

సర్కారు వకీలు మెల్లగా కూర్చోబోతున్నారు. అవ్వ ఆయన్ను వదలలేదు.

"ఆ సైకిల్ గూడ కోర్టు మాకు వాపసిచ్చింది. మా ముసలాయన ఇగ తొక్కలేడాయె. ఇంట్ల ఊకె తుప్పు పడ్తాందని వానికే ఇచ్చినం. గిప్పుడు వాడే తొక్కుతాండు. గీ పొద్దు దాని మీదనే వచ్చిండు. ఇగ ఇంకొకల్ల సైకిల్ వానికెందుకు సారూ?"

ఈసారి నవ్వు ఆపడానికి బంట్రోతు కూడా ప్రయత్నించలేదు. మేజిస్ట్రేటుగారు ఫైలు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. సర్కారు వకీలు తానూ నవ్వేసి, "ఇక ప్రశ్నలు లేవు," అన్నారు.

మధ్యాహ్నం మా సీనియర్ వచ్చి, ఏమైందని అడిగారు.

"మంచోడని అన్నది సార్," అన్నాను.

"యా అల్లా!" అని తల పట్టుకున్నారు. మిగతాది చెప్పాక, నవ్వి నవ్వి దగ్గు వచ్చి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది. తరువాత మా కక్షిదారును పట్టుకున్నారు.

"అరె, గింత ముచ్చట మాకెందుకు చెప్పలేదురా?"

"మీరే అంటిరి గద సారు, పాత ముచ్చట మాక్కూడ చెప్పకు అని."

సీనియర్ నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

తీర్పు రోజు మేజిస్ట్రేటుగారు ఇంగ్లీషులో చదివారు. పాత శిక్షలు ఉన్నంత మాత్రాన ఈ దొంగతనం అతనే చేశాడనుకోవడానికి వీల్లేదన్నారు. అవి అతని నడత గురించి వచ్చిన సాక్ష్యం మాత్రమే. ఆ నడత గురించి, అతని వల్ల నష్టపోయిన మనిషే వచ్చి, తెలిసి తెలిసి అతన్ని నమ్ముతున్నానని చెప్పింది. అబద్ధమాడి అతన్ని కాపాడవలసిన అవసరం ఆ ఊళ్లో అందరికంటే ఆమెకే తక్కువ. పంచనామా నిలబడలేదు. ఆ ఆదివారం అతను మగ్గం మీద ఉన్నాడన్న మాట నమ్మదగ్గది. ముద్దాయి నిర్దోషి.

"ఏమన్నడు వకీలమ్మా?" అని బోనులోంచి గుసగుసగా అడిగాడు.

"ఇడిచిపెట్టిండు."

"ఎన్నాల్లకు?"

"ఎన్నాల్లకేంది? పూరా ఇడిచిపెట్టిండు. ఇంటికి పో."

రెండు చేతులతో ముఖం కప్పుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ లేచి వచ్చి అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏడ్సుడు తర్వాత. పొద్దటి సంది మగ్గం ఆగున్నది. నడువ్."

కొన్ని నెలల తరువాత, సైకిల్ పోగొట్టుకున్న ఆ గుమాస్తా మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, వెనక తల వంచుకున్న ఒక కుర్రవాడు. ఆయన బామ్మర్దట. కాలేజీలో చదువుతున్నాడు. ఆ ఆదివారం, బావ సినిమా చూస్తుండగా రెండో తాళంచెవితో సైకిల్ తీసుకొని స్నేహితులతో కోట చూడడానికి పోయాడు. అక్కడ టైరు పంక్చరయింది. బావ తిడతాడని భయపడి సైకిల్‌ను పొదల్లోకి తోసి, బస్సెక్కి ఊరికి పోయాడు. ఇంటిల్లిపాదీ కూర్చున్న ఒక పెళ్లిలో, రెండో తాళంచెవి ఏదని అక్క గట్టిగా నిలదీస్తే అప్పుడు కక్కాడు. గుమాస్తా పాపం సిగ్గుతో చితికిపోతున్నాడు. ముగ్గురం కలిసి కొత్తవాడకు పోయాం. సంగతంతా విన్నాక మా కక్షిదారు ఆ కుర్రవాడిని పై నుంచి కింది దాకా చూశాడు. ఏం చేస్తాడోనని నేను బిగుసుకొని నిలబడ్డాను.

"పంక్చరే గదా తమ్మీ," అన్నాడు. "తోలుకొస్తే నేనే ఏశిద్దును."

తాత మాత్రం, "కట్టె యాడున్నదే?" అని మంచం కింద తడిమాడు. కుర్రవాడు నా వెనక్కి వచ్చాడు.

ఎనభైలలో నేను సొంతంగా ఆఫీసు తెరిచాను. సాక్షులకు ఆ హెచ్చరిక చేయడం మాత్రం మానలేదు. నియమం నియమమే. అవ్వ లాంటి సాక్షి అన్ని కేసుల్లోనూ దొరకదు. చాలా కేసుల్లో మంచోడన్న మాట వల్ల ముద్దాయి నిండా మునగడం కూడా చూశాను. అయినా పదిమందికి చెబితే నలుగురైనా ఆ మాట అనేసి దిగేవారు. తమవాడు బోనులో నిలబడి ఉంటే, మంచివాడని చెప్పకుండా ఎదురుగా నిలబడడం మన మనుషులకు చాతకాదు. అది నాకు చిరాకు తెప్పించేది, ముచ్చటగానూ ఉండేది.

ఆ మధ్యలోనే సర్కారు వకీలు గారి బిడ్డ పెళ్లి వచ్చింది. ఆయన నన్ను కోర్టు వరండాలో ఆపి, "ఆ అవ్వ ఇల్లెక్కడో చెప్పమ్మా. పెళ్లికి జంపఖానా కావాలె," అన్నారు. నేను వేళాకోళమనుకున్నాను. నిజంగానే పోయి, రంగులు ఎంచుకొని, చెప్పి వచ్చారు. ఎరుపు, నీలం చారలు.

పెళ్లికి అవ్వను, తాతను, మా కక్షిదారును భార్యాబిడ్డలతో సహా పిలిచారు. మా సీనియర్, నేను కూడా వెళ్లాం. పందిరి కింద ఆ జంపఖానా పరిచి ఉంది. దాని మీద కూర్చున్న చుట్టాలకు సర్కారు వకీలు, ఇది నేసింది వీళ్లేనని చూపిస్తున్నారు. తాత వంగి చారల మీద చెయ్యి పెట్టి నిమిరాడు. నిమిరి నిమిరి ఒకచోట ఆగాడు.

"గీడ పోగు వదులున్నదే," అన్నాడు.

"అది వాని దిక్కు," అంది అవ్వ.

"నా దిక్కేడున్నదే అవ్వా? నడుమకు ఇవతల నీదే," అన్నాడు మా కక్షిదారు.

"నేను యాభై ఏండ్ల సంది కొడ్తాన. నా చెయ్యి వదులయితదా?"

"మరి నేను సర్కారు జైల్ల నేర్సిన. అండ్ల వదులుంటే ఊకుంటరా?"

ఇద్దరూ జంపఖానా మీద మోకాళ్ల మీద కూర్చొని, ఎవరి వైపు ఎక్కడి దాకానో జానలతో కొలవడం మొదలుపెట్టారు. చుట్టాలు లేచి వాళ్లకు చోటిచ్చారు. కొందరు అవ్వ పక్షం, కొందరు అతని పక్షం. మా సీనియర్ కళ్లజోడు సర్దుకొని తీర్పు చెప్పడానికి వంగారు. ఇంతలో మంత్రాలు చదువుతున్న అయ్యగారు తలెత్తి, పుస్తెలు కట్టేదాకానైనా జర ఊరుకొమ్మని అందరినీ కోప్పడ్డారు.